వాచీ చెయిన్ స్క్రూకు తగిన స్క్రూడ్రైవర్‌ను ఎంచుకోవడం: సమగ్ర మార్గదర్శి

మా విజయనగరంలో పెళ్లిళ్ల కాలం ముగిశాక గంటస్తంభం దగ్గరి బజారులో వాచీలు బాగుచేసేవారి ముందు ఒకే రకం పని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అత్తవారు పెట్టిన వాచీ పెళ్లికొడుకు చేతికి వదులవుతుంది. చెయిన్‌లో రెండు మూడు లింకులు తీయాలి. వాచీ రెండు మూడు వేలదైతే పిన్ను కొట్టి పది నిమిషాల్లో చేతికిస్తారు. దుబాయి నుంచో సింగపూర్ నుంచో తెచ్చిన లక్షల రూపాయల వాచీ అయినప్పుడు మాత్రం ఆ లింకులను పట్టి ఉంచేది చాలావరకు సన్నని స్క్రూ. ఆ స్క్రూకు సరిపడని స్క్రూడ్రైవర్ ఒక్కసారి జారితే ఆ గాటు వాచీ ఉన్నంతకాలం దాని మీదే ఉంటుంది.

ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. ఉద్యోగం ముగించుకుని గల్ఫ్ నుంచి వచ్చిన మా బావగారు తన వాచీని నా చేతిలో పెట్టి, ఒక్క లింకు తీసి ఇమ్మన్నారు. ఇంట్లో ఉన్న మొబైల్ రిపేరు సెట్టులోని చిన్న డ్రైవర్‌ను గాడిలో పెట్టి తిప్పాను. మొదటి తిప్పుకే అది పైకి లేచి పక్కకు జారింది. తరువాత కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తే, గాడి అంచు ఒకవైపు లోహం పెచ్చులా పైకి లేచి ఉంది. అద్దంలా మెరిసే లింకు పక్క మీద వెంట్రుకంత గీత పడింది. బావగారు ఒక్క మాట కూడా అనలేదు. ఆ గీత మాత్రం ఇప్పటికీ ఉంది. లోపం నా చేతిలో ఎంత ఉందో పరికరంలోనూ అంతే ఉందని అర్థం కావడానికి ఆ తరువాత చాలాకాలం పట్టింది. అలా నేర్చుకున్నదంతా వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, స్క్రూ విప్పవలసిన అవసరం ఉందా?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే పరికరం చేతిలోకి తీసుకుంటారు. మణికట్టు కొలత రోజంతా ఒకేలా ఉండదు. కోస్తా ఉక్కపోతలో సాయంత్రానికి చెయ్యి కొద్దిగా ఉబ్బుతుంది, తెల్లవారుజామున సన్నబడుతుంది. కాబట్టి వదులో బిగుతో తేల్చుకునే ముందు ఒక పూర్తి రోజు వాచీ పెట్టుకుని చూడండి. తరువాత కొక్కెం, అంటే చెయిన్ మూసే క్లాస్పు, లోపలి భాగాన్ని పరిశీలించండి. కొన్ని క్లాస్పుల పక్కన వరుసగా చిన్న రంధ్రాలుంటాయి; స్ప్రింగ్ బార్‌ను, అంటే కొసలు లోపలికి నొక్కుకునే సన్నని కడ్డీని, ఒక రంధ్రం నుంచి మరొకదానికి జరిపితే కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. రోలెక్స్ కంపెనీ ఈజీలింక్ అమరిక ఉన్న క్లాస్పులో 5 మిల్లీమీటర్ల వరకు, అదే కంపెనీ సబ్‌మెరైనర్ వాచీలోని గ్లైడ్‌లాక్ అమరికలో 2 మిల్లీమీటర్ల అంచెలుగా సుమారు 20 మిల్లీమీటర్ల వరకు ఏ పరికరమూ లేకుండానే సర్దుకోవచ్చు. తేడా అంతలోపే ఉంటే స్క్రూల జోలికి వెళ్లనవసరం లేదు.

అది నిజంగా స్క్రూయేనా?

ఇక్కడ పొరబడితే తరువాతి జాగ్రత్తలేవీ కాపాడవు. చెయిన్‌ను పక్కకు తిప్పి, మంచి వెలుతురులో, కనీసం ఐదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో లింకు అంచును చూడండి. గుండ్రని తల, దాని మధ్యగా ఇటు అంచు నుంచి అటు అంచు వరకు సూటిగా, సమాన వెడల్పుతో కోసిన గాడి కనిపిస్తే అది స్క్రూ. సన్నని చీలిక మాత్రమే కనిపిస్తే అది మడిచిన తీగలాంటి పిన్ను కొస కావచ్చు. దూరం నుంచి ఈ రెండూ ఒకేలా ఉంటాయి. పిన్ను చీలికలో డ్రైవర్ పెట్టి తిప్పినవారు పిన్నునూ పాడుచేస్తారు, రంధ్రాన్నీ పాడుచేస్తారు.

లింకు లోపలి వైపున, చర్మానికి తగిలే చోట, బాణం గుర్తు చెక్కి ఉంటే అది పిన్నుల చెయిన్ అని దాదాపు నిశ్చయించుకోవచ్చు. పిన్నును బాణం చూపిన వైపుకే నెట్టి తీయాలి, తిరిగి ఎదురు దిశలో పెట్టాలి. సీకో వాచీలు కొన్నింటిలో పిన్నుతో పాటు మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉండే చిన్న గొట్టం కూడా ఉంటుంది. అది కింద పడి పోతే పిన్ను నిలవదు. ఈ రకాలన్నింటికీ కావలసింది పిన్ను నెట్టే పరికరం, స్క్రూడ్రైవర్ కాదు.

రెండు పక్కలా గాడులు కనిపిస్తే అప్పుడు మరో ప్రశ్న. కొన్ని చెయిన్లలో ఒక పక్క నుంచి స్క్రూ, ఎదుటి పక్క నుంచి మరొక స్క్రూ వచ్చి లోపల కలుస్తాయి. ఒకదాన్ని తిప్పితే రెండూ కలిసి తిరుగుతూ ఉంటాయి కానీ విడవు. అలాంటప్పుడు ఒకే కొలత డ్రైవర్లు రెండు కావాలి, ఒకటి కదలకుండా పట్టడానికి, మరొకటి తిప్పడానికి.

గాడి కనిపించిన ప్రతిచోటా డ్రైవర్ పెట్టడానికి వీల్లేదని చెప్పే మంచి ఉదాహరణ ఒకటుంది. 1972లో వచ్చిన ఓడెమార్ పిగే కంపెనీ రాయల్ ఓక్ వాచీ ముఖం చుట్టూ ఎనిమిది స్క్రూ తలలు గాడులతో సహా కనిపిస్తాయి. వాటి తలలు ఆరు కోణాలతో, అదే ఆకారపు గుంటల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి అవి తిరగవు. బిగించేది వెనుకవైపు నుంచి. పైనుంచి డ్రైవర్ పెట్టి బలం చూపితే గాడి చెడడం తప్ప మరేమీ జరగదు. 2018లో వచ్చిన కార్టియే కంపెనీ సాంతోస్ వాచీ ఉక్కు చెయిన్ మీద కూడా స్క్రూ తలలు బారులు తీరి ఉంటాయి, కానీ లింకు తీయడానికి వెనుకనున్న చిన్న మీటను నొక్కితే చాలు.

కొలత తీయడం

కొనే ముందు కొలవాలి. కొన్నాక సరిపెట్టుకోవడం కాదు. కావలసిన కొలతలు మూడు: గాడి పొడవు, అంటే దాదాపుగా స్క్రూ తల వ్యాసం, గాడి మందం, స్క్రూ తల కూర్చున్న రంధ్రం వ్యాసం. మూడోదాన్ని చాలామంది మరచిపోతారు. చెయిన్ స్క్రూ తల లింకు పక్క గోడకు సమంగానో, కొద్దిగా లోపలికో ఉంటుంది కాబట్టి, తలకంటే వెడల్పైన మొన రంధ్రం అంచును గీరుతుంది. బల్లకు బిగించిన స్క్రూకు కాస్త వెడల్పు డ్రైవర్ వాడినా నష్టం ఉండదు. ఇక్కడ ఉంటుంది.

అంకెలు చూపే కాలిపర్‌తో తల వ్యాసం తీయవచ్చు, కానీ దాని దవడలు లోపలికున్న తలను అందుకోలేవు. అప్పుడు ఉపయోగపడేది చేతిలోని ఫోనే. లింకు పక్కనే, అదే ఎత్తులో, మిల్లీమీటర్ల గీతలున్న ఉక్కు స్కేలు పెట్టి, కెమెరాను నిటారుగా పట్టి దగ్గరి ఫొటో తీయండి. దాన్ని తెర మీద పెద్దది చేసి, స్కేలు మీద ఒక మిల్లీమీటరు ఎంత పొడవుగా కనిపిస్తోందో, గాడి ఎంత పొడవుగా కనిపిస్తోందో పోల్చండి. తెర మీద మిల్లీమీటరు 30 పాళ్ల పొడవుగా, గాడి 48 పాళ్ల పొడవుగా ఉంటే, గాడి పొడవు 1.6 మిల్లీమీటర్లు. మందాన్నీ ఇలాగే అంచనా వేయవచ్చు, అయితే దాన్ని చివరికి నిర్ధారించేది మొనను గాడిలో పెట్టి చూసే పరీక్షే.

రోలెక్స్ ఆయిస్టర్ చెయిన్లకు సాధారణంగా 1.6 మిల్లీమీటర్ల మొన వాడతారు. ఈ అంకె విని నేరుగా కొనడానికి వెళ్లకండి. పాత చెయిన్లకు, వేరే నమూనాలకు తేడా రావచ్చు. మీ చేతిలో ఉన్న స్క్రూ చెప్పినదే చివరి మాట.

వెడల్పు, మందం, మొన ఆకారం

ఈ మూడింటిలో వెడల్పును గురించి అందరూ మాట్లాడతారు, మందాన్ని కొందరే పట్టించుకుంటారు, ఆకారాన్ని దాదాపు ఎవరూ చూడరు. నా అనుభవంలో ఎక్కువ వాచీలను పాడుచేసింది ఆ మూడోదే.

వెడల్పు గాడి పొడవుకు సమానంగానో, రవ్వంత తక్కువగానో ఉండాలి. సన్నని మొనతోనూ పని జరుగుతుంది కదా అనిపిస్తుంది, కానీ లెక్క వేరు. స్క్రూను తిప్పే బలమంతా మొన రెండు కొసల దగ్గర గాడి గోడ మీద పడుతుంది. 1.6కు బదులు 1.2 మిల్లీమీటర్ల మొన వాడితే, అదే బిగుతును వదిలించడానికి గోడ మీద పడే బలం మూడో వంతు పెరుగుతుంది. అది పడే చోటు కూడా స్క్రూ నడిమికి దగ్గరవుతుంది.

మందం విషయంలో మొన గాడిని నింపాలి. మొన పలచగా ఉంటే గాడిలో అటూ ఇటూ ఊగుతుంది. తిప్పినప్పుడు నిండు గోడకు బదులు రెండు అంచులకే ఆనుతుంది, ఆ అంచులే ముందు విరుగుతాయి. మందం ఎక్కువైతే అడుగుకు చేరదు, పై పెదవుల దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఆకారం. బజారులో దొరికే మామూలు డ్రైవర్ మొన ఉలిలా ఏటవాలుగా ఉంటుంది, కొస పలచన, పైకి పోయేకొద్దీ మందం. దీన్ని నిలువు గోడలున్న గాడిలో పెడితే పై అంచుల దగ్గర మాత్రమే తగులుతుంది. తిప్పిన క్షణంలో ఆ ఏటవాలు తనను తానే పైకి నెట్టుకుంటుంది. డ్రైవర్ జారిందని మనం చెప్పుకునేది ఇదే. బావగారి వాచీ మీద జరిగినదీ ఇదే. మంచి వాచీ డ్రైవర్ మొన చివరి మిల్లీమీటరు మేర రెండు ముఖాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, లేదా కనీసం గాడి లోతు మేరకైనా అలా అనిపించేంత తక్కువ వాలుతో ఉండాలి. కొస ముఖం చదునుగా, నిలువుకు సరిగ్గా అడ్డంగా ఉండాలి.

లోహాల సంగతి కూడా తెలిసి ఉండాలి. రోలెక్స్ 1985 నుంచి వాడుతున్న 904ఎల్ ఉక్కు గానీ, ఇతరులు ఎక్కువగా వాడే 316ఎల్ ఉక్కు గానీ తుప్పును బాగా తట్టుకుంటాయి, కానీ వేడిచేసి చల్లార్చి గట్టిపరచడానికి లొంగవు. డ్రైవర్ మొన మాత్రం అలా గట్టిపరచిన ఉక్కు. రెండూ పోరాడితే ఓడేది ఎక్కువగా స్క్రూ తలే. 18 క్యారెట్ల బంగారు చెయిన్ అయితే అందులో 75 శాతం మెత్తని బంగారమే కాబట్టి ఆ స్క్రూల మీద చెయ్యి వేసే ముందు రెండింతలు ఆలోచించాలి.

ఏది కొనాలి

వాచీ పనివారి డ్రైవర్లకు ప్రసిద్ధి చెందిన పేరు స్విట్జర్లాండ్‌లోని ల లోక్ల్ ఊరికి చెందిన బెర్జియన్. అది 1791 నాటిది. దాని డ్రైవర్ల పిడి మీది రంగును బట్టి మొన కొలత తెలుస్తుంది: 1.20 ఎరుపు, 1.60 ఊదా, 2.00 ఆకుపచ్చ. మొన అరిగితే చిన్న స్క్రూ వదులు చేసి కొత్త మొన వేసుకోవచ్చు. పది డ్రైవర్ల సెట్టు ఇంటి పనికి అవసరం లేదు. మీ స్క్రూ కొలతకు సరిపడే ఒక్క మంచి డ్రైవర్, దానికి రెండు అదనపు మొనలు కొనుక్కోవడం, పది నాసిరకం డ్రైవర్లున్న పెట్టె కన్నా నయం. జంట స్క్రూల చెయిన్ అయితే అలాంటివి రెండు.

పిడి లావును నిర్లక్ష్యం చేయకండి. వాచీ లోపలి యంత్రం కోసం చేసిన సన్నని పిడులు చెయిన్ స్క్రూ బిగుతుకు చాలవు. చాలక, కొందరు పిడిని ప్లయర్‌తో పట్టి తిప్పుతారు. ఆ క్షణంలో బలం మీద అదుపు పోతుంది. చూపుడువేలు ఆనించడానికి పైన విడిగా తిరిగే టోపీ, బొటనవేలికి మధ్యవేలికి నిండుగా పట్టు దొరికే లావు పిడి ఉన్నదాన్ని ఎంచుకోండి.

మొనను స్క్రూకు సరిపెట్టడం

కొత్త మొనైనా మీ గాడికి అచ్చంగా కుదురుతుందని భరోసా లేదు. ఇక్కడ మన కంసాలివారి అలవాటు ఆదర్శం: ఏ పనిముట్టునూ కొన్నది కొన్నట్టు వాడరు, పనికి తగ్గట్టు సానపట్టుకుంటారు. మెత్తని సానరాయి మీద ఒక చుక్క నూనె వేసి, మొన ఒక ముఖాన్ని దాదాపు చదునుగా ఆనించి, ఒకే దిశలో పది సార్లు లాగండి. తిప్పి రెండో ముఖాన్నీ సరిగ్గా పది సార్లు లాగండి. లెక్క సమానంగా లేకపోతే మొన ఒక పక్కకు పోతుంది. చివరగా డ్రైవర్‌ను నిలువుగా పట్టి కొసను రెండు మూడు సార్లు రాయి మీద తాకించి చదును చేయండి. గ్రైండర్ వాడకండి, మొన వేడెక్కి నీలం రంగు తిరిగితే దాని గట్టిదనం పోయినట్టే, ఆ తరువాత అది వంగుతుంది.

ఇప్పుడు పరీక్ష. చెయిన్‌ను పక్కకు నిలబెట్టి, స్క్రూ తల పైకి ఉండేలా పట్టి, మొనను గాడిలో దించండి. తిప్పకుండా పిడిని మెల్లగా అటూ ఇటూ కదపండి. సరిపడిన మొన ఊగదు; లింకుతో ఒకటైపోయినట్టు చేతికి తెలుస్తుంది. భూతద్దంలో పక్క నుంచి చూసినప్పుడు మొనకూ గాడి గోడకూ మధ్య వెలుతురు కనిపించకూడదు. కనిపిస్తే మళ్లీ సానరాయి దగ్గరికి వెళ్లండి. ఈ ఒక్క పనికి నేను అరగంట కూడా వెచ్చిస్తాను, విప్పడానికి మాత్రం అర నిమిషం చాలు.

విప్పడం

బల్ల మీద తెల్లని దళసరి గుడ్డ పరచండి. దాని అంచును ఒడిలోకి వేసుకుంటే జారిన స్క్రూ మొజాయిక్ నేల మీద దూకి మంచం కిందికి పోదు. స్ప్రింగ్ బార్లు తీసి వాచీ నుంచి చెయిన్‌ను విడదీయగలిగితే మేలు. ముందు గాడిని శుభ్రం చేయాలి. కళింగపట్నం, బారువ వంటి సముద్రతీరాల్లో తిరిగేవారి చెయిన్లలో చెమట, ఉప్పు, ఇసుక కలిసి గాడి నిండా గట్టి మట్టిలా పేరుకుని ఉంటాయి. నగలు కడిగినట్టే, పలచని కుంకుడు రసంలో మెత్తని బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. మిగిలిన మురికిని పుల్లతో తీయండి, సూదితో కాదు.

తయారీదారులు చాలాసార్లు స్క్రూ మరలకు, అంటే దాని ఒంటి చుట్టూ ఉండే మెలికల గాట్లకు, జిగురు పూసి బిగిస్తారు. మెల్లగా తిప్పి చూసినప్పుడు కదలకపోతే బలం పెంచకండి. విడదీసిన చెయిన్‌కు ఆ చోట హెయిర్ డ్రయ్యర్ వేడి గాలిని ఒకటి రెండు నిమిషాలు పట్టండి, లేదా బాగా వేడిగా ఉన్న నీళ్లలో కాసేపు ఉంచండి. జిగురు మెత్తబడి స్క్రూ వదులుతుంది. వాచీ తలకు, అంటే యంత్రం ఉన్న భాగానికి, మాత్రం ఆ వేడి తగలనీయకూడదు, లోపలికి నీరు రాకుండా ఆపే రబ్బరు వలయాలు దెబ్బతింటాయి.

చెయిన్‌ను చెక్క దిమ్మ మీద నిలకడగా పట్టుకోండి. మొనను గాడిలో పెట్టి, చూపుడువేలితో నిలువుగా కిందికి అదమండి. ముందు అదిమే బలం, తరువాత తిప్పే బలం. ఈ వరుస మారకూడదు. గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పండి. వదిలిన క్షణంలో చిన్న టిక్కుమనే కదలిక వేళ్లకు తెలుస్తుంది. పట్టు జారుతున్నట్టు అనిపించిన వెంటనే ఆగి, మొనను తీసి, గాడిని మళ్లీ చూడండి. స్క్రూ పూర్తిగా వదిలాక శ్రావణంతో పట్టుకుని బయటికి లాగి, మూత ఉన్న చిన్న డబ్బాలో వేయండి.

క్లాస్పు మణికట్టు అడుగున నడిమికి రావాలి కాబట్టి లింకులను రెండు వైపుల నుంచీ సమానంగా తీయడం మామూలు. బేసి సంఖ్య వస్తే తాత్కాలికంగా కలిపి, చేతికి పెట్టుకుని, క్లాస్పు ఎటు జరిగిందో చూసి ఏ వైపు తీయాలో తేల్చుకోవాలి.

తిరిగి బిగించడం

స్క్రూ మరల మీది పాత జిగురు పొడిని గీకి, ఆరనివ్వండి. కొత్తగా పూయడానికి చిన్న స్క్రూల కోసమే చేసిన, తక్కువ పట్టున్న ఊదా రంగు లాక్‌టైట్ 222 సరిపోతుంది. అంతకన్నా గట్టివి పూస్తే తరువాత విప్పేవారికి కష్టం మిగులుతుంది. సీసా మూతితో పూయకుండా గుండుసూది కొసతో ఆవగింజంత తీసి మరల చివర పెట్టండి. ఎక్కువైతే లింకు కీలులోకి పాకి చెయిన్ బిరుసవుతుంది. స్క్రూను మొదట వేలితోనే తిప్పి మరలు సరిగా పట్టాయని తెలుసుకున్నాక డ్రైవర్ వాడండి. తల ఆనిన తరువాత ఒక చిన్న బిగుతు చాలు. జిగురు పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజంతా వదిలేసి, ఆ తరువాతే పెట్టుకోండి.

చెయ్యి వేయకూడని సందర్భాలు

గాడి అప్పటికే చెడిపోయి ఉంటే, స్క్రూ వేడికి కూడా కదలకపోతే, చెయిన్ బంగారానిదైతే, లేదా వారంటీ కాలం ఇంకా మిగిలి ఉంటే, విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లి ఆ కంపెనీ అధీకృత సేవా కేంద్రంలో చూపించండి. విరిగిన స్క్రూను లింకులోంచి తీయడం ఇంటి పని కాదు.

తీసిన లింకులను, వాటి స్క్రూలతో సహా, వాచీ పెట్టెలో వారంటీ కార్డు పక్కనే దాచండి. చెయ్యి లావైనప్పుడు అవి అవసరమవుతాయి, వాచీ అమ్మేటప్పుడు అవి లేకపోతే ధర తగ్గుతుంది. వారం తరువాత ఒకసారి భూతద్దంతో స్క్రూ తలలను చూసి, ఏదైనా లింకు గోడ దాటి బయటికి వచ్చిందేమో గోటితో తడిమి చూసుకోండి.